కుదురు లేని మనసుకు ఏ గుళిక?

అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చేస్తుంది. ఒకచోట పడుకోలేరు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి వరండాలోకి, మళ్లీ మంచం మీదికి. ఏదో కీడు జరగబోతోందన్న గుబులు. మాటిమాటికీ గుక్కెడేసి మంచినీళ్లు. ఈ మనిషిని హోమియో వైద్యుడి ఎదుట కూర్చోబెడితే ఆయన చేయి ఆర్సెనికమ్ ఆల్బమ్ సీసా మీదికి పోతుంది. అదే మనిషి "పడుకుంటే ఒళ్లు పట్టేస్తోందండీ, లేచి నాలుగడుగులు వేస్తే హాయిగా ఉంటోంది" అంటే మందు మారిపోయి రస్ టాక్స్ అవుతుంది. కూర్చున్నా పడుకున్నా పాదాలు ఆడిస్తూనే ఉంటే జింకమ్ మెటాలికమ్. పాట వింటే కుదుటపడితే టరెంటులా. సంతోషం పట్టలేక నిద్ర రాకపోతే కాఫియా. ఇంట్లో ఉంటే బయటికి పోదామని, బయటికి తీసుకెళితే ఇంటికి పోదామని పేచీపెట్టే పిల్లాడికి కల్కేరియా ఫాస్. ఉన్న ఊరూ చేస్తున్న పనీ నాలుగు రోజులకే మొహం మొత్తి, ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపించే వాడికి ట్యూబర్క్యులినమ్.

ఇన్ని రకాల కుదురులేనితనాల్ని విడివిడిగా చూసిన ఆ పరిశీలనను నేను గౌరవిస్తాను. అమెరికన్ హోమియో వైద్యుడు జేమ్స్ టైలర్ కెంట్ 1897లో తెచ్చిన రెపర్టరీలో మనసుకు సంబంధించిన లక్షణాలే ముందుంటాయి. విసుగుకు అందులో ఒక శీర్షిక ఉంది, ప్రయాణం చేయాలన్న తహతహకు ఇంకొకటి ఉంది, నిలకడలేమికైతే పగలూ రాత్రీ, పడకలోనూ పని మధ్యలోనూ అంటూ పేజీలే ఉన్నాయి. ఒక్కో లక్షణం ఎదుట మందుల పేర్లు. వైద్యుడు రోగి చెప్పిన నాలుగైదు లక్షణాలు పట్టుకుని, అన్నింటిలోనూ కనబడే మందును వెతుకుతాడు. మందు ఎంపిక అంటే ఇదే. ఈ ఎంపికలో నిజంగా పనిచేసేది వైద్యుడు అడిగే ప్రశ్న అనీ, చివర చేతిలో పెట్టే గుళికలో ఏమీ లేదనీ ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. ఆ ప్రశ్నల్ని సరైన దారిలో పట్టుకుపోతే చాలామందికి మేలు జరుగుతుంది.

ఈ కుదురులేనితనం సంగతి హోప్ టౌన్ లాంటి ఊళ్లో గట్టిగా తగులుతుంది. దక్షిణ అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ ఓడరేవుకు అవతలి ఒడ్డున, బాంబూఫ్లాట్ పక్కన, కొండ కిందనున్న ఊరది. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. అక్కడి చాతాం జెట్టీలో ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో బాంబూఫ్లాట్ చేరతాం. ఫెర్రీ తప్పితే రోడ్డున చుట్టూ తిరిగి రావాలి. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైచిలుకు, అంటే దాదాపు 50 వేల మంది. అందులో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకూ కూలికీ వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ.

ఇక్కడ గడియారం నడిచేది భారత ప్రామాణిక కాలం ప్రకారం. సూర్యుడు మాత్రం దానికంటే నలభై నిమిషాలు ముందుంటాడు. నవంబరు చివర్లో సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గూకుతుంది. ఎనిమిదింటికి అన్నం తినేలోపు మూడు గంటల చీకటి గడపాలి. ముసురు పట్టి సముద్రం పోటెత్తిందంటే పడవలు ఒడ్డునే ఉంటాయి. పోటీ పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్న కుర్రాడు, భర్త వేటకెళ్లిన ఇల్లాలు, పిల్లలు విశాఖలోనో చెన్నైలోనో ఉండిపోయిన పెద్దాయన, వీళ్లందరికీ ఆ మూడు గంటలు బరువే. ఏమీ తోచదు, కాలు నిలవదు.

అలాంటప్పుడు హోమియో గుర్తుకు రావడం సహజం. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులను ఈ ద్వీపాల్లో స్థిరపరిచారు. కలకత్తాలో పేరున్న అల్లోపతి వైద్యుడు మహేంద్రలాల్ సర్కార్ 1867లో హోమియోకు మారినప్పటి నుంచీ బెంగాలీ సమాజంలో ఆ వైద్యానికి గట్టి వేళ్లున్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లో కేంద్ర హోమియోపతి పరిశోధన మండలి యూనిట్ ఉంది. మన తెలుగువాళ్లకూ ఇది పరాయి వైద్యం కాదు. గుడివాడ హోమియో కళాశాల 1945 నాటిది. సరోజినీ నాయుడి కుమారుడు డాక్టర్ జయసూర్య బెర్లిన్‌లో వైద్యం చదివి హైదరాబాదులో హోమియో ప్రాక్టీసు చేశారు, అక్కడి ప్రభుత్వ కళాశాల పేరులో ఆయనా పొట్టి శ్రీరాములూ ఉన్నారు. హోమియో మందులిచ్చే నటుడిగా అందరికీ తెలిసిన అల్లు రామలింగయ్య పేరు రాజమండ్రి కళాశాలకు పెట్టారు. తీపి గుళికలు, తక్కువ ఖర్చు, ఓపిగ్గా వినే డాక్టరు. వీటి మీద మనవాళ్లకున్న అభిమానం ఊరికే రాలేదు.

ఇక గుళిక సంగతి. జర్మన్ వైద్యుడు సామ్యుల్ హానిమన్ 1790లో ఒక వైద్య గ్రంథాన్ని అనువదిస్తూ, మలేరియా జ్వరాన్ని తగ్గించే సింకోనా బెరడును ఆరోగ్యంగా ఉన్న తానే తిని చూశాడు. జ్వరం లాంటి లక్షణాలే వచ్చాయని రాసుకున్నాడు. ఆరోగ్యవంతుడిలో ఏ పదార్థం ఏ బాధ పుట్టిస్తుందో, రోగిలో అలాంటి బాధనే అది తగ్గిస్తుందన్న సూత్రాన్ని అక్కడి నుంచి కట్టాడు. 1810లో ఆయన సిద్ధాంత గ్రంథం ఆర్గనాన్ వచ్చింది. ఆ కాలపు వైద్యం ఎంత క్రూరంగా ఉండేదో గుర్తుచేసుకోవాలి. లీటర్ల కొద్దీ రక్తం తీసేవారు, పాదరసం తాగించేవారు. ఆ పక్కన హానిమన్ రోగులు బతికి బట్టకట్టడంలో వింత లేదు. వాళ్లను ఎవరూ గాయపరచలేదు, అంతే. దాని ఘనత మాత్రం మందుకు దక్కింది.

మందును పలచన చేసే పద్ధతిని దగ్గరగా చూడాలి. 1835లో నూరెంబర్గ్ పట్టణంలో హోమియో మీద పెద్ద వాదన లేచింది. కాదనేవాళ్లూ ఔననేవాళ్లూ ఒక పరీక్షకు ఒప్పుకున్నారు. ఒక గ్రెయిను ఉప్పు, అంటే 60 మిల్లీగ్రాముల పైచిలుకు, వంద చుక్కల మంచు నీటిలో కరిగించారు. అందులోంచి ఒక్క చుక్క తీసి మళ్లీ వంద చుక్కల్లో కలిపారు. ఇలా ముప్పయ్యో మెట్టుదాకా. హోమియో సీసాల మీద 30 అని ఉండేది ఈ మెట్టే. తర్వాత అంకెలు వేసిన సీసాలను కలగాపులగం చేసి, సగంలో ఆ ఉప్పు మందు, సగంలో ఉత్త నీరు నింపారు. ఏ అంకెలో ఏముందో రాసి, చీటీకి ముద్రవేసి దాచారు. తాగినవాళ్లకూ తెలియదు, పంచినవాళ్లకూ తెలియదు. మూడు వారాల తర్వాత 50 మంది తమ అనుభవం చెప్పారు. 42 మందికి ఏమీ అనిపించలేదు. ఎనిమిది మందికి ఏదో అనిపించింది. చీటీ విప్పి చూస్తే వాళ్లలో ఐదుగురు తాగింది మందు, ముగ్గురు తాగింది నీరు. ఈనాటి మందుల పరీక్షలన్నింటికీ ప్రాణమైన పద్ధతిని, ఇద్దరి కళ్లకూ గంతలు కట్టి పోల్చి చూడడాన్ని, చరిత్రలో ఇంత పక్కాగా చేసిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

ఆ ఉప్పు లెక్క మనమే వేసుకోవచ్చు. గ్రెయిను ఉప్పులో ఉండే సోడియం, క్లోరిన్ జంటలు ఆరు తర్వాత ఇరవై సున్నాలు పెట్టినన్ని. ఊహకందని సంఖ్యే. ఒక్కో మెట్టులో అందులో నూరో వంతే ముందుకు పోతుంది, అంటే రెండేసి సున్నాలు రాలిపోతాయి. పదకొండో సీసాకు వచ్చేసరికి మిగిలేవి ఆరో ఏడో జంటలు. పన్నెండో సీసాలో ఒక్కటైనా ఉండే అవకాశం పదిహేనింటికి ఒకటి. ఆ తర్వాత ఇంకా పద్దెనిమిది మెట్లున్నాయి. నీటిని నీటితో పలచన చేస్తున్నారన్నమాట. హానిమన్ ఆర్గనాన్ రాసేనాటికి ఒక పదార్థంలో ఎన్ని అణువులుంటాయో లెక్కకట్టే దారి లేదు కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. మనకు ఆ లెక్క తెలుసు.

నీటికి జ్ఞాపకం ఉంటుందని 1988లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ బెన్వెనిస్త్ నేచర్ పత్రికలో రాశారు. పత్రిక సంపాదకుడే పరిశీలకులతో ఆయన ప్రయోగశాలకు వెళ్లి, సీసాల గుట్టు దాచి మళ్లీ చేయిస్తే ఫలితం రాలేదు.

మన రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన ఆర్సెనికమ్ ఆల్బమ్ 30 సంగతే చూడండి. 2020 జనవరిలో కరోనా రాకముందే వేసుకోమని ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించిన మందు అది. మూలపదార్థం పాషాణం. తాగే నీటిలో ఆర్సెనిక్ లీటరుకు పది మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే పది కోట్లలో ఒక వంతు. హోమియో లెక్కలో ఇంచుమించు నాలుగో మెట్టు అది. ఐదారు మెట్లు దాటిన సీసాలో మందుగా వేసిన ఆర్సెనిక్ కన్నా, పలచన చేయడానికి వాడిన ద్రవంలో కల్మషంగా ఉండేదే ఎక్కువ కావచ్చు. ముప్పయ్యో మెట్టు గుళికల వల్ల అందుకే హాని ఉండదు. నాలుగుకన్నా కింది మెట్లలో మాత్రం నిజమైన విషమే ఉంటుంది. అలాంటి ఆర్సెనిక్ మందులు వాడి విషప్రభావానికి గురైన ముగ్గురి కేసులను పశ్చిమ బెంగాల్ పరిశోధకులు 2003లో ప్రచురించారు. పళ్లొచ్చే పసిపిల్లల చిరాకుకు అమ్మే హోమియో మాత్రలను అమెరికా ఎఫ్.డి.ఏ. 2017లో పరీక్షిస్తే, వాటిలో బెల్లడోనా ఒక్కో మాత్రలో ఒక్కోలా ఉంది, కొన్నింటిలో చీటీ మీద రాసినదానికంటే ఎంతో ఎక్కువగా తేలింది. బెల్లడోనా ఉమ్మెత్త కుటుంబపు విషమొక్క. పసివాడి కోసం కొనే సీసా మీద 3ఎక్స్, 6ఎక్స్ లాంటి చిన్న అంకెలుంటే (ఎక్స్ అంటే మెట్టుకు పదింతలే పలచన) వద్దనే చెబుతాను.

పరీక్షల మాటకొస్తే, 2005లో లాన్సెట్ పత్రికలో 110 హోమియో పరీక్షలను అన్నే అల్లోపతి పరీక్షలతో పోల్చారు. పెద్దవీ జాగ్రత్తగా చేసినవీ ఏరి చూస్తే, హోమియో ఫలితం ఉత్తుత్తి మందు ఫలితాన్ని దాటలేదు. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 2015లో 61 జబ్బుల మీద 176 అధ్యయనాలను జల్లెడపట్టి, హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం ఏ జబ్బుకూ లేదని చెప్పింది. మన విషయానికి దగ్గరది పిల్లల్లో కనిపించే ఏడీహెచ్‌డీ, అంటే ఒక్కచోట నిలవలేకపోవడం, ధ్యాస కుదరకపోవడం. దీని మీద కోక్రేన్ సంస్థ 2007లో నాలుగు పరీక్షల్ని సమీక్షించి, మేలు కనబడలేదంది. 2022లో ఒక సమీక్ష మేలుందని ప్రకటించింది గానీ, లెక్కల్లో లోపాలు బయటపడడంతో పత్రిక దాన్ని 2023లో ఉపసంహరించుకుంది.

మరి హోమియో వాడాక "నాకు తగ్గింది" అనేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? లేదు. వాళ్లకు నిజంగానే తగ్గింది. నిలకడలేమి, విసుగు సముద్రపు పోటులాంటివి, ఎక్కుతాయి, దిగుతాయి. మనం మందు కోసం వెళ్లేది బాగా ఎక్కినరోజున. వారం తర్వాత ఎలాగూ కొంత దిగుతుంది.

దానికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు కీళ్లవాతం ఉన్న 83 మందిని తీసుకుని ఒక తెలివైన పరీక్ష చేశారు. కొందరికి హోమియో వైద్యుడి పూర్తి సంప్రదింపు దక్కింది, కొందరికి దక్కలేదు. రెండు జట్లలోనూ కొందరికి మందు, కొందరికి ఉత్త గుళిక. 2011లో ఫలితం వచ్చింది. సంప్రదింపు దక్కినవాళ్లు మెరుగుపడ్డారు. చేతికొచ్చింది మందా ఉత్త గుళికా అన్న దాంతో తేడా రాలేదు. అమెరికాలో టెడ్ కాప్చుక్ బృందం 2008లో పేగుల బాధ ఉన్న 262 మందితో చేసిన పరీక్ష కూడా ఇదే వైపు చూపుతుంది. వరసలో వేచి ఉన్నవాళ్లలో 28 శాతానికి ఉపశమనం కలిగింది. ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ సూదులు పొందినవాళ్లలో 44 శాతానికి కలిగింది. అదే ఉత్తుత్తి సూదులతోపాటు, ఆప్యాయంగా కూర్చుని వినే వైద్యుడు దొరికినవాళ్లలో 62 శాతానికి కలిగింది.

అంటే హోమియో వైద్యుడు చేసే పనిలో సగం అచ్చమైన వైద్యం. రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది, కదిలితే హాయా కదలకపోతే హాయా, దాహం ఎలా ఉంది, ఒంటరిగా ఉండగలరా, అని అడగడమే గొప్ప సంగతి. కిక్కిరిసిన ఓపీలో రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపించే చోట ఈ ప్రశ్నలు రావు. నా బాధంతా ఆ తర్వాతి అడుగు గురించి. ఇంత చక్కగా అడిగి రాబట్టిన జవాబును గుళికల సీసా దగ్గర ఆపేస్తే, ఆ జవాబు చూపించే అసలు కారణం మరుగున పడిపోతుంది.

జింకమ్ పాదాల్నే తీసుకోండి. సాయంత్రమయ్యేసరికి పిక్కల్లో ఏదో పాకినట్టు, లాగినట్టు, కాళ్లు ఆడించకపోతే ఉండలేనట్టు, లేచి తిరిగితే తగ్గినట్టు ఉండడం ఒక పేరున్న జబ్బు. స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ 1945లో దీన్ని వివరంగా వర్ణించి, రెస్ట్‌లెస్ లెగ్స్ అన్న పేరు స్థిరపరిచారు. మెదడులో ఇనుము తక్కువై డోపమిన్ పని దెబ్బతినడం దీని వెనకున్న ప్రధాన కారణాల్లో ఒకటి. గర్భిణుల్లో, మూత్రపిండాల జబ్బున్నవాళ్లలో ఎక్కువ. రక్తంలో ఫెరిటిన్ చూసి, తక్కువుంటే ఇనుము ఇస్తే చాలామందికి కాళ్లు కుదుటపడతాయి. రక్తహీనత ఇంటింటా ఉన్న మన ఆడవాళ్లలో ఎందరు "కాళ్లు పీకుతున్నాయి" అంటూ రాత్రంతా కాళ్లు నొక్కించుకుంటూ గడుపుతున్నారో ఆలోచించండి. వాళ్లకు కావలసింది లోహపు జ్ఞాపకం కాదు, లోహమే. జింకు బదులు ఇనుము.

కాఫియా మనిషి గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి, బరువు తగ్గడం కూడా చెబితే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. రస్ టాక్స్ మనిషికి పొద్దున్నే కీళ్లు అరగంటకు పైగా బిగుసుకుపోతుంటే కీళ్లవాతం అవునో కాదో తేల్చాలి. ఆర్సెనికమ్ మనిషి అర్ధరాత్రి గుబులుతో లేచి ఊపిరాడక కూర్చుంటే అది ఆస్తమా కావచ్చు, గుండె జబ్బు కావచ్చు, చక్కెర మందు ఎక్కువై రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు, భయాందోళన జబ్బూ కావచ్చు. తాగుడు హఠాత్తుగా మానేసిన మనిషి రెండో రోజో మూడో రోజో ఒణుకుతూ చెమటలు పడుతూ నిలవలేకపోతే అది అత్యవసరం, ఇంట్లో ఉంచకూడదు.

ఇంకో కారణం చాలామందికి తెలియదు. కొన్ని మందులే మనిషిని కూర్చోనివ్వవు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, మనోవ్యాధులకు వాడే హాలోపెరిడాల్ లాంటివి కొందరిలో లోపల్నుంచి తరిమినట్టుండే స్థితి తెస్తాయి. దాన్ని అకథీసియా అంటారు. చెక్ వైద్యుడు లాడిస్లావ్ హస్కోవెట్స్ 1901లో పెట్టిన పేరు. విశాఖ ఓడలో వాంతులకు వేసుకున్న మాత్ర తర్వాత మొదలైన అలజడి అయితే, డాక్టరుకు ఆ మాత్ర పేరు చెబితే చాలు, చిక్కుముడి సగం విడిపోతుంది.

ఇక ట్యూబర్క్యులినమ్ మనిషి, అన్నింటి మీదా విసుగెత్తినవాడు. విసుగును సోమరితనం అనుకుంటాం. మనస్తత్వ శాస్త్రవేత్తలు చూసింది వేరే. కెనడాలో జాన్ ఈస్ట్‌వుడ్ బృందం 2012లో ఇచ్చిన నిర్వచనం సారాంశం ఏమిటంటే, మనసు దేనిమీదైనా లగ్నం కావాలని కోరుకుంటుంది, కాలేకపోతుంది, ఆ బాధే విసుగు. సోమరికి ఆ కోరిక ఉండదు, విసుగెత్తినవాడికి కోరిక మండిపోతూ ఉంటుంది. అందుకే విసుగూ కుదురులేమీ జంటగా వస్తాయి. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమోతీ విల్సన్ బృందం మనుషుల్ని పావుగంట ఒంటరిగా ఖాళీ గదిలో కూర్చోబెట్టింది. నొక్కితే కరెంటు షాక్ కొట్టే మీట ఒకటి ఉంచింది. అంతకుముందే ఆ షాక్ రుచి చూసి, డబ్బిచ్చి తప్పించుకుంటామన్నవాళ్లే. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు మీట నొక్కారు. ఏమీ లేకపోవడంకన్నా బాధే నయమనిపించింది. బీడీ, గుట్కా, మందు, తెల్లవార్లూ ఫోను, ఇవన్నీ మన ఊళ్లలో ఆ మీట చేసే పని చేస్తున్నాయి.

పోర్ట్ బ్లెయిర్ సెల్యులర్ జైలు ఖైదీలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒంటరి కొట్లలో పెట్టి మనిషిని మనిషికి కనబడకుండా చేయడమే ఆ జైలు కట్టుబడి. 1912లో ఇందుభూషణ్ రాయ్ ఉరిపోసుకున్నాడు, ఉల్లాస్కర్ దత్ మతిచలించింది. 1933 మేలో రాజకీయ ఖైదీలు నిరాహారదీక్షకు దిగారు. బలవంతంగా పాలు పట్టించడంలో మహావీర్ సింగ్, మోహిత్ మొయిత్రా, మోహన్ కిశోర్ నమోదాస్ చనిపోయారు. 46 రోజుల తర్వాత ప్రభుత్వం దిగొచ్చింది. వాళ్లు అడిగినవాటిలో తిండి, సబ్బు, పక్కలతోపాటు చదువుకోవడానికి దీపం, పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. ఆ తర్వాత జైల్లో చదువుల బృందాలు నడిచాయి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ మన ప్రతివాది భయంకరాచారి ఆ జైలుకు వెళ్లినవాడే. ప్రాణం పణంగా పెట్టి దీపం అడిగారంటే, మనసుకు పని దొరకకపోవడం ఎంత నరకమో వాళ్లకు తెలుసు.

విసుగు ఎప్పుడు జబ్బు? చేయడానికేమీ లేక విసుగైతే, పని దొరికినరోజున పోతుంది. ఇష్టమైన కూర, ఇష్టమైన సినిమా, మనవడి అల్లరి కూడా రుచించకుండా రెండు వారాలకు పైగా సాగితే, నిద్రా ఆకలీ మారిపోతే, అది డిప్రెషన్ కావచ్చు. దానికి మందులున్నాయి. మందుల్లేని వైద్యమూ ఉంది. గోవాలో వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించిన పద్ధతి నాకు బాగా నచ్చింది. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు రోగితో కూర్చుని, ఏ పని చేసినప్పుడు కాస్త తేలికపడ్డారో అడిగి, ఆ పనుల్నే రోజువారీ పట్టీలోకి తెచ్చారు. గుడికి వెళ్లడం, పక్కింటికి వెళ్లడం, మొక్కలకు నీళ్లు పోయడం లాంటివి. 2017లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. మూడు నెలలకు ఇలా సాయం పొందినవాళ్లలో 64 శాతం కోలుకున్నారు, మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్లలో 39 శాతం. ఇదీ మనిషిని బట్టి చేసే ఎంపికే. హోమియో వైద్యుడి ఓపిక, ప్రశ్నలు ఇందులో అలాగే ఉన్నాయి, చివర గుళిక బదులు పని ఉంది.

అండమాన్‌లో ఇలాంటిది జరగని సంగతేమీ కాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్యులు ఈ ద్వీపాల సహాయ శిబిరాల్లో పనిచేశారు. గుబులు, నిద్రలేమి, ఒళ్లునొప్పులుగా బయటపడిన దుఃఖం, డిప్రెషన్ చూశారు. ఉమ్మడి కుటుంబాల్లో కలిసిమెలిసి ఉండే నికోబారీలు ఎక్కువ తట్టుకున్నారని రాశారు. పిల్లల్ని ఆటల్లోకి, పెద్దల్ని శిబిరం పనుల్లోకి తేవడం వైద్యంలో భాగమైంది.

హోప్ టౌన్‌కు ఇంకొక వనరు ఇంటి వెనకే ఉంది. మౌంట్ హారియట్ కొండ, 2021 నుంచి మౌంట్ మణిపూర్. ఎర్రటి పాత 20 రూపాయల నోటు మీది కొబ్బరిచెట్ల తీరం ఆ కొండ మీంచి కనబడే నార్త్ బే అంటారు. వైస్రాయ్ లార్డ్ మేయో 1872 ఫిబ్రవరి 8న ఆ కొండెక్కింది, రోగులు కోలుకునే ఆరోగ్య విడిదికి పనికొస్తుందా అని చూడడానికే. దిగి వచ్చి, చీకటిపడ్డాక హోప్ టౌన్ జెట్టీ మీద నడుస్తుండగా ఆయన్ని ఖైదీ షేర్ అలీ అఫ్రీదీ కత్తితో పొడిచి చంపాడు. చరిత్ర పుస్తకాలకు ఆ హత్యే గుర్తుంది. కొండ గురించి ఆయన అనుకున్నది మాత్రం ఈనాటి శరీరశాస్త్రానికి దూరమేమీ కాదు. తెల్లవారి వెలుగు కళ్లలో పడితేనే మెదడులోని గడియారం రోజూ సరిపడుతుంది. సాయంత్రం ఐదింటికే చీకటిపడే చోట ఆ ఉదయపు వెలుగు మరీ విలువైనది. వారంలో ఎక్కువ రోజులు అరగంట చురుకైన నడక గుబులునూ నిద్రలేమినీ తగ్గిస్తుందని చూపిన పరీక్షలు చాలా ఉన్నాయి. తెల్లవారే కొండదారిలో, ఇంకొకరిని తోడు తీసుకుని నడిస్తే వెలుతురు, కదలిక, మాట మూడూ ఒకేసారి దొరుకుతాయి.

ఇప్పటికే హోమియో వాడుతున్నవాళ్లను తిట్టి మాన్పించాలని నేననను. ముప్పయ్యో మెట్టు గుళిక వేసుకుంటూ మీ వైద్యుడి మాటతో ధైర్యం తెచ్చుకుంటుంటే తెచ్చుకోండి. చక్కెరకో, బీపీకో, మూర్ఛకో, మనసుకో వాడుతున్న మాత్రలు మాత్రం ఆ గుళికల కోసం ఆపవద్దు. చనిపోవాలనిపిస్తే ఒక్క గంట కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416, ఎప్పుడైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మిగతావాళ్లు హోమియో వైద్యుడు అడిగే ప్రశ్నలకే జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. ఎప్పుడు మొదలైంది, రోజులో ఏ వేళ ఎక్కువ, కదిలితే తగ్గుతుందా, కాఫీ టీలు ఎన్ని, ఏ మాత్రలు వాడుతున్నారు, ఇష్టమైనవి ఇంకా ఇష్టంగానే ఉన్నాయా. ఆ కాగితంతో బాంబూఫ్లాట్ సామాజిక ఆరోగ్య కేంద్రానికో, ఫెర్రీ దాటి జి.బి.పంత్ ఆసుపత్రికో వెళ్లి హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, చక్కెర పరీక్షల గురించి అడగండి. కాళ్లు నిలవని జబ్బులో ఫెరిటిన్ 75 లోపుంటే, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇనుము ఇవ్వవచ్చని నిపుణుల సూచన. మామూలు ప్రయోగశాల చీటీలో 30, 40 ఉన్నా సరిపడా ఉన్నట్టే కనబడుతుంది, అందుకే కాళ్ల సంగతి డాక్టరుకు నోరు తెరిచి చెప్పాలి.